సన్న డోరీ తిరగేయడానికి పురికొస

సంచి మూతికో గౌను భుజాలకో సన్న డోరీ కుట్టడం రెండు నిమిషాల పని. కుట్టు లోపలికి పోయేలా దాన్ని తిరగేయడమే తలనొప్పి. నేను పిన్నీసు గుచ్చి లాగేదాన్ని. అది సగం దూరం వెళ్ళాక లోపలే తెరుచుకునేది, ఇక డోరీ చింపి మళ్ళీ మొదలు.

ఇప్పుడు పురికొస ముక్క వాడుతున్నాను. 3 సెంటీమీటర్ల వెడల్పున క్రాస్ పట్టీ (నేతకు ఏటవాలుగా తీసిన పట్టీ) కత్తిరించండి. పట్టీ కంటే 15 సెంటీమీటర్లు పొడవున్న పురికొసను పట్టీ మంచి వైపు (బయటికి కనిపించాల్సిన వైపు), మధ్యలో పరిచి, దాన్ని లోపల ఉంచి పట్టీని నిలువుగా మడవండి. ఒక చివర పురికొస కొసతో సహా అడ్డంగా మూడు నాలుగు సార్లు ముందుకీ వెనక్కీ కుట్టేయండి. అక్కడి నుంచి మలుపు తిరిగి, మడతకు 7 మిల్లీమీటర్ల దూరంలో పొడవునా కుట్టండి. పురికొసను మడతలోకి నెట్టి పెట్టుకోండి, సూది దాని మీదకి ఎక్కకూడదు. ఎక్కితే ఇక కదలదు.

కుట్టు పక్కన అంచు 4 మిల్లీమీటర్లు వదిలి మిగతాది కత్తిరించి, తెరిచి ఉన్న వైపు నుంచి పురికొసను మెల్లగా లాగండి. మూసిన కొసను మొదట్లో వేలితో కాస్త లోపలికి నెట్టాలి. ఒకసారి దారిలో పడితే జారుకుంటూ వచ్చేస్తుంది. చివరికి ఆ కొస కత్తిరిస్తే పురికొస ఊడిపోతుంది, దాచుకుంటే మళ్ళీ పనికొస్తుంది.

జీన్స్ లాంటి మందపు గుడ్డకు ఈ వెడల్పు చాలదు, మధ్యలోనే ఇరుక్కుంటుంది. వదులు నేత గుడ్డైతే లాగేటప్పుడు కొస పీలికలైపోతుంది.