కొండల్లో హిమపాతాన్నీ పెనుగాలులనూ ముందుగా అంచనా వేసుకోవడం ఎలా

శీతకాలంలో కొండదారి పట్టేవారిలో చాలామంది ఫోన్‌లో దగ్గరి పట్టణం పేరు కొట్టి, రేపు ఎన్ని సెంటీమీటర్ల మంచు కురుస్తుందో చూసుకుని అక్కడితో ఆగిపోతారు. ఆ అంకె పట్టణానికి సరిపోతుందేమో గానీ, దానికి 1,500 మీటర్ల పైన ఉన్న కనుమకు మాత్రం సరిపోదు. కొండ ప్రాంతపు వాతావరణ సూచనను చదివేటప్పుడు ముందు గాలి దిక్కును, తర్వాత ఎత్తును బట్టి మారే ఉష్ణోగ్రతను, చివరగా మంచు పరిమాణాన్ని చూడాలి. మంచు ఏ వాలు మీద కురవాలో, కురిసింది ఎక్కడికి కొట్టుకుపోవాలో నిర్ణయించేది గాలే కాబట్టి, దాని సంగతి తేలకుండా సెంటీమీటర్లు లెక్కపెట్టడం వల్ల పెద్దగా ప్రయోజనం లేదు.

మొదట, మీరు చూస్తున్న సూచన ఏ ఎత్తుకు చెప్పినదో తెలుసుకోండి. ప్రపంచమంతటికీ వాతావరణాన్ని లెక్కకట్టే కంప్యూటర్ మోడళ్లు భూమిని గడులుగా విడదీస్తాయి. యూరోపియన్ వాతావరణ కేంద్రం మోడల్‌లో ఒక గడి వెడల్పు సుమారు 9 కిలోమీటర్లు, అమెరికా వారి జీఎఫ్ఎస్‌లో సుమారు 13 కిలోమీటర్లు ఉంటుంది. అంత వెడల్పులో శిఖరమూ లోయా కలిసిపోయి ఒకే సగటు ఎత్తుగా మారతాయి. అందువల్ల మోడల్ దృష్టిలో శిఖరం అసలు కంటే పొట్టిగానూ, లోయ అసలు కంటే ఎత్తుగానూ ఉంటాయి. ఒకటి నుంచి మూడు కిలోమీటర్ల గడులున్న ప్రాంతీయ మోడల్ దొరికితే, బయలుదేరే ముందు చివరి రెండు రోజుల అంచనాకు దాన్నే నమ్ముకోవడం మేలు. యాప్‌లో సూచన పక్కన ఎత్తు కనిపించకపోతే, అక్కడి ఉష్ణోగ్రతను నేరుగా వాడుకోకండి.

ఇక గాలి. నేలకు 10 మీటర్ల ఎత్తున వీచే గాలికి మోడల్ ఇచ్చే అంకె లోయలో కొంతవరకు పనికొస్తుంది గానీ, కొండ వెన్ను మీద చాలాసార్లు తక్కువ చేసి చెబుతుంది. దానికి బదులు పైస్థాయి గాలుల పటాలు తెరవండి. వీటిని ఎత్తు పెరిగేకొద్దీ తగ్గే గాలి పీడనాన్ని బట్టి, హెక్టాపాస్కల్ అనే కొలతలో పిలుస్తారు. 850 హెక్టాపాస్కల్ పటం సుమారు 1,500 మీటర్ల ఎత్తుకు, 700 హెక్టాపాస్కల్ పటం సుమారు 3,000 మీటర్ల ఎత్తుకు సరిపోతాయి. మీ కనుమ ఎత్తుకు దగ్గరగా ఉన్న పటం తీసుకుని, గాలి ఏ దిక్కు నుంచి వస్తోందో, పర్వత శ్రేణిని అడ్డంగా దాటుతోందా, దాని పొడవునా సాగుతోందా అన్నది గుర్తించండి. అడ్డంగా దాటే తేమగాలి వాలు వెంట పైకెక్కుతూ చల్లబడి, గాలికి ఎదురుగా ఉన్న వైపు మంచు కురిపిస్తుంది. గాలికి మాటుగా ఉన్న అవతలి వైపుకు దిగేసరికి అదే గాలి వేడెక్కి ఆరిపోతుంది. దిక్కు ముప్ఫై, నలభై డిగ్రీలు మారిందంటే, నిన్న మంచులో కూరుకుపోయిన లోయ నేడు పొడిగా మిగలవచ్చు, పక్క లోయకు ఆ మంచు దక్కవచ్చు. అందుకే గాలివాన ఎప్పుడు మొదలవుతుందన్నదే కాక, చలిగాలి అంచు దాటిపోయే సమయాన దిక్కు ఎటు తిరుగుతుందో కూడా గంటల వారీగా రాసుకోవాలి.

మాటు వైపు ఆకాశం నిర్మలంగా ఉంది కదా అని నిశ్చింతగా ఉండటం అతి ప్రమాదకరమైన పొరపాటు అని నా అభిప్రాయం. గాలి శ్రేణికి దాదాపు లంబంగా బలంగా వీస్తూ, శిఖరాల ఎత్తుకు కాస్త పైన వెచ్చని స్థిరమైన పొర ఒకటి మూతలా ఉన్నప్పుడు, పైకి లేవలేని గాలి ఆనకట్ట మీదుగా పొర్లే నీటిలా వాలు వెంట దూకుతుంది. పెనుగాలి కొండ పాదాన విరుచుకుపడేది ఇలాంటి సమయాల్లోనే. శ్రేణికి ఎదురు వైపు పీడనం ఎక్కువగా, మాటు వైపు తక్కువగా ఉండి, ఆ తేడా గంటగంటకూ పెరుగుతూ ఉంటే దాన్ని హెచ్చరికగా తీసుకోవాలి. ఆల్ప్స్‌లో ఫ్యోన్ (Föhn) అనీ, రాకీ పర్వతాల తూర్పున చినూక్ అనీ పిలిచేది ఇలా దిగివచ్చే గాలినే. 1943 జనవరి 22న అమెరికాలోని దక్షిణ డకోటాలో ఉన్న స్పియర్‌ఫిష్ అనే ఊళ్లో ఈ గాలి తాకిడికి ఉష్ణోగ్రత రెండే నిమిషాల్లో మైనస్ 20 డిగ్రీల నుంచి ప్లస్ 7 డిగ్రీలకు ఎగబాకింది. ఇక ఎత్తు తక్కువైతే గాలి కూడా తక్కువే అనుకునేవారు మౌంట్ వాషింగ్టన్‌ను గుర్తుంచుకోవాలి. 1,917 మీటర్ల ఆ కొండ మీద 1934 ఏప్రిల్ 12న గంటకు 372 కిలోమీటర్ల వేగంతో గాలి విసిరింది.

సూచనలో సగటు వేగం, విసురు వేగం (ఉన్నట్టుండి ఎగసే గాలి వేగం) అని రెండు అంకెలుంటాయి. మనిషిని పడదోసేది విసురే కాబట్టి నిర్ణయం దాని మీదే ఆధారపడాలి. గాలి తాకిడి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే 40 కిలోమీటర్ల గాలి 80 అయితే దెబ్బ నాలుగింతలవుతుంది. 3,000 మీటర్ల ఎత్తున గాలి సాంద్రత సముద్రమట్టంలో ఉన్నదానిలో నాలుగింట మూడు వంతులే ఉంటుంది కాబట్టి అదే వేగానికి తాకిడి ఆ మేరకు తగ్గుతుంది. అయితే కనుమల ఇరుకులోంచి దూసుకొచ్చేటప్పుడు పెరిగే వేగం ఆ తగ్గుదలను చాలాసార్లు పూడ్చేస్తుంది. చలి సంగతి కూడా లెక్క వేసుకోండి. మైనస్ 10 డిగ్రీల వద్ద 40 కిలోమీటర్ల గాలి వీస్తే, బయట ఉన్న చర్మానికి అది మైనస్ 21 డిగ్రీలలా తగులుతుంది.

ఉష్ణోగ్రత లెక్క తేలిక. మబ్బు పట్టి తేమగా ఉన్నప్పుడు ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు 6 డిగ్రీలు తగ్గుతుందని అనుకోండి. 1,400 మీటర్ల ఎత్తున ఉన్న పట్టణంలో 5 డిగ్రీలుంటే, సున్నా డిగ్రీల మట్టం సుమారు 2,200 మీటర్ల దగ్గర, 2,900 మీటర్ల కనుమ మీద మైనస్ 4 ఉంటాయి. మంచురేణువులు కరగడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి, వాన మంచుగా మారే గీత సున్నా మట్టానికి రెండు, మూడు వందల మీటర్ల దిగువన, అంటే 1,900–2,000 మీటర్ల మధ్య పడుతుంది. గాలి పొడిగా ఉంటే ఆ గీత ఇంకా దిగుతుంది. జోరుగా కురుస్తున్నప్పుడు కరిగే మంచు చుట్టూ ఉన్న వేడిని పీల్చుకోవడం వల్ల, ముఖ్యంగా ఇరుకు లోయల్లో, కొన్ని గంటల్లోనే మరి కొన్ని వందల మీటర్లు దిగజారవచ్చు. తెల్లవారుజామున లోయలో పేరుకున్న చలిని చూసి మాత్రం ఈ లెక్క వేయకండి. ఆ వేళ పైన లోయ కంటే వెచ్చగా ఉండటం మామూలే, కాబట్టి పైస్థాయి పటాల్లోని ఉష్ణోగ్రతనే ఆధారంగా తీసుకోవాలి.

పరిమాణం విషయంలో యాప్ చూపే సెంటీమీటర్ల కంటే మిల్లీమీటర్లలో ఇచ్చే నీటి లెక్క నమ్మదగినది. ఒక మిల్లీమీటరు నీటికి ఒక సెంటీమీటరు మంచు అన్నది వాడుకలో ఉన్న లెక్క. సున్నాకు దగ్గరగా కురిసే తడి మంచులో అది అర సెంటీమీటరుకు దిగితే, మైనస్ 12 నుంచి మైనస్ 18 డిగ్రీల మధ్య మబ్బుల్లో పెరిగే కొమ్మల ఆకారపు రేణువుల వల్ల ఒకటిన్నరకో రెండుకో చేరుతుంది. 20 మిల్లీమీటర్ల నీరు ఒకచోట 10 సెంటీమీటర్ల బరువైన మంచు, మరోచోట 35 సెంటీమీటర్ల దూది మంచు కావచ్చు. గాలి బలంగా ఉంటే రేణువులు విరిగి దట్టంగా సర్దుకుంటాయి గనుక అంచనాను కొంత తగ్గించుకోవాలి.

ఒకే మోడల్ ఇచ్చే ఒక్క అంకెను పట్టుకోవద్దు. ఎన్సెంబుల్ అనే పద్ధతిలో ఆరంభ పరిస్థితులను కొద్దిగా మారుస్తూ అదే మోడల్‌ను అనేకసార్లు నడుపుతారు. ఫలితాలు 5 నుంచి 40 సెంటీమీటర్ల దాకా చెదిరి ఉంటే, సగటు చూసి సంతృప్తి పడకుండా 40 కురిస్తే ఏం చేస్తారో ముందే నిశ్చయించుకోండి. ఐదు రోజుల ముందు తుపాను వస్తుందా రాదా అన్నదే చూడాలి, మూడు రోజుల ముందు దిక్కు, సున్నా మట్టం చూడాలి, గంటల లెక్కలు చివరి రోజుకు వదిలేయాలి.

బయలుదేరాక కళ్లకు కనిపించేవాటికీ విలువ ఉంది. శిఖరాల దగ్గర కదలకుండా నిలిచిన కటకాకారపు మబ్బులు, కొండ వెన్ను మీంచి జెండాలా ఎగిరే మంచుపొగ పైన గాలి ఎంత బలంగా ఉందో చెబుతాయి. రాత్రి బస చేసినచోట, గాలి పీడనాన్ని బట్టి ఎత్తు చూపే గడియారంలో అంకె గుర్తు పెట్టుకోండి. కదలకుండానే ఉదయానికి అది 40 మీటర్లు పెరిగిందంటే, పీడనం సుమారు 4 హెక్టాపాస్కల్ పడిపోయిందని అర్థం.

మంచు ఆగాక కూడా పని మిగిలే ఉంటుంది. గంటకు 25–30 కిలోమీటర్ల గాలికే వదులు మంచు కదలడం మొదలవుతుంది. అది మాటు వాలు మీద కురిసే వేగానికి ఎన్నో రెట్ల వేగంతో పేరుకుని గట్టి పలకలుగా మారుతుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలున్నచోట ఆ పలకలే మంచు చరియలై విరిగిపడతాయి. తుపాను చలిగా మొదలై వెచ్చగా ముగిస్తే, తేలిక పొర మీద బరువు పొర కూర్చుంటుంది గనుక ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. అందువల్ల సూచనలో హిమపాతం సున్నాకు వచ్చిన గంటతో ఆపకుండా, తర్వాతి ఇరవై నాలుగు గంటల గాలి దిక్కునూ వేగాన్నీ చదివి, ఏ వాలు మీద మంచు పేరుకుంటుందో పటం మీద గుర్తు పెట్టుకుని, ఆ ప్రాంతపు చరియల హెచ్చరికతో పోల్చుకుని, రెండూ కలవని చోట హెచ్చరిక మాటకే కట్టుబడండి.