మేకల కంచె – 3వ పాఠం: మూల స్తంభం, దాని సపోర్టు

పోయిన పాఠంలో సరుకు లెక్క వేసుకున్నాం. నలుచదరంగా ఉన్న 50 సెంట్ల చెక్కకు చుట్టుకొలత సుమారు 590 అడుగులు, పదడుగులకొక స్తంభం చొప్పున 59. వాటికి తోడు మరో ఎనిమిది కొనమన్నాను. ఆ ఎనిమిదీ ఎందుకో ఇప్పుడు చూద్దాం.

మధ్యలో ఉండే స్తంభాల పని జాలీ కింద పడకుండా పట్టుకోవడమే. తీగ బిగించినప్పుడు లాగుడంతా మూలల మీదికి వస్తుంది. రెండు వైపుల నుంచీ లాగడంతో మూల స్తంభం చేలోకి వాలుతుంది. అది రెండంగుళాలు వాలినా జాలీ పొట్ట వేలాడేస్తుంది.

నాకు ఇది తెలిసొచ్చింది దెబ్బ తిన్నాకే. మా పెదనందిపాడు వైపు అంతా నల్లరేగడి. ఎండాకాలం ఖాళీగా ఉన్నాను కదా అని మే నెలలో గుంటలు తీసి కాంక్రీటు పోశాను. అప్పటికే భూమి నెర్రెలు బారి ఉంది. ఇంకా ఎండేకొద్దీ మట్టి కాంక్రీటును వదిలేసి వెనక్కి జరిగింది, సందులో నా వేలు పట్టేది. తొలకరి నీళ్లన్నీ ఆ సందులోకే దిగాయి. దసరా నాటికి స్తంభం ఊగే పాలపన్నులా తయారైంది. మేకలు జాలీ మీద ముందుకాళ్లు వేసి, దాన్ని తొక్కుకుంటూ పక్క పత్తి చేలోకి దిగాయి. ఆ చేను కుర్రాడు వచ్చి, “ఏం బాబాయ్, కంచె వేశావా, వాటికి నిచ్చెన వేశావా?” అన్నాడు. ఏమంటాను!

అందుకే రేగడి నేలలో ఈ పని వానలు వెనకబట్టాక, గునపం తేలిగ్గా దిగే పదునులో పెట్టుకోండి. ఎర్రనేల వాళ్లకు ఇంత పట్టింపు అక్కర్లేదు.

మూల స్తంభానికి ఎనిమిదడుగులది వాడండి. మూడడుగులు భూమిలో, అయిదడుగులు పైన. మిగతావి ఏడడుగులవి చాలు, రెండడుగులు పాతితే సరిపోతుంది. మూల గుంట ఒకటిన్నర అడుగు వెడల్పు తీసి, అడుగున ఇంకాస్త వెడల్పు చేయండి. పైన వెడల్పు, కింద సన్నం అయితే ఉబ్బిన రేగడి కాంక్రీటు దిమ్మను పైకి నెడుతుంది. కాంక్రీటు పాళ్లు సిమెంటు 1, ఇసుక 2, కంకర 4. పైభాగం నేలకు రెండంగుళాలు ఎత్తుగా, నీళ్లు జారిపోయేలా బోర్లించిన మూకుడులా తీర్చండి. నా మొదటి కంచెకు లేనిది ఇదే.

స్తంభం నిలువుగా ఉందో లేదో తూకం గుండు రెండు వైపులా వేసి చూడాలి. నేనైతే స్తంభాన్ని అరంగుళం బయటికే వాల్చి పెడతాను, తీగ బిగిశాక నిలువుకు వస్తుంది. చేను మూల సరిగ్గా మూలమట్టానికి రాలేదని బాధపడకండి, సర్వే రాయి ఎక్కడుంటే అక్కడే మూల. స్తంభం మాత్రం దానికి జానెడు లోపలే ఉండాలి, లేకపోతే పక్కచేను వాళ్లతో మాట వస్తుంది.

ఇక సపోర్టు, అంటే మూల స్తంభానికి ఏటవాలుగా ఆనించే స్తంభం. చాలామంది పొరపడేది ఇక్కడే. బయటి వైపు ఆనించి పెడతారు, చూడ్డానికి గట్టిగానే కనిపిస్తుంది. కూలబోయే గోడకు దుంగ ఏ వైపు పెడతాం? వాలుతున్న వైపే కదా. మూల స్తంభం వాలేది లోపలికి, కాబట్టి సపోర్టు కూడా కంచె గీత మీదే, లాగుడుకు ఎదురు నిలవాలి. మూలకు రెండు గీతలు, రెండు సపోర్టులు. నాలుగు మూలలకు ఎనిమిది.

సపోర్టు పాదం మూల స్తంభానికి నాలుగడుగుల దూరంలో ఉండాలి. తల మూడున్నర అడుగుల ఎత్తులో దానికి ఆనాలి. పాదాన్ని ఒట్టి రేగడి మీద నిలిపితే వాన పడగానే దిగబడుతుంది. అడుగు లోతు గుంట తీసి, అడుగు చదరం మాచర్ల నాపరాయి ముక్కను సపోర్టుకు ఎదురుగా ఏటవాలుగా పరిచి, దాని మీద నిలిపి కాంక్రీటు పోయండి. తల దగ్గర పది గేజీ తీగతో నాలుగు చుట్లు చుట్టి, మధ్యలో ఇనుప చువ్వ దూర్చి మెలితిప్పండి. కొట్లో పన్నెండు గేజీ ఇస్తే లావుది ఇచ్చాడని మురిసిపోకండి. అంకె పెరిగేకొద్దీ తీగ సన్నం: పది గేజీ 3.25 మిల్లీమీటర్లు, పన్నెండు 2.64.

కాంక్రీటు మీద తడి గోనెసంచులు కప్పి వారం రోజులు తడుపుతూ ఉండండి. నేను పదో రోజు దాకా తీగ ముట్టను. ఈలోగా గేదెను ఆ దరిదాపుల్లో కట్టొద్దు. మెడ గోక్కోవడానికి దానికి అంతకన్నా మంచి చోటు దొరకదు.

ఈ వారం పని: ఒక్క మూల మాత్రమే పూర్తిచేయండి. పదో రోజున తూకం గుండు మళ్లీ వేసి, స్తంభాన్ని రెండు చేతులతో నెట్టి చూడండి. కదిలితే మిగతా మూడు మూలలకు గుంట అరడుగు లోతు పెంచి, అంత పొడుగు స్తంభమే తీసుకోండి. వచ్చే పాఠంలో జాలీ బిగిద్దాం, అప్పటికి తీగ లాగే పుల్లర్ ఒకటి ఎవరి దగ్గరైనా అడిగి ఉంచుకోండి.