చెట్ల ఆకుల మీది బుడిపెలను పరిశీలించే పద్ధతి

అనంతపురం రోడ్ల పక్కన కానుగ చెట్ల కొమ్మలను వంచి చూస్తే, ఆకుల మీద నిలువుగా పైకి లేచిన పచ్చని బుడిపెలు కనిపిస్తాయి. చీడ సోకిందని వెంటనే మందు కొట్టడం కంటే, ముందుగా ఒక బుడిపెను కోసి చూడడం మేలు. దాన్ని కట్టింది చెట్టే, కట్టించింది మాత్రం లోపల కాపురం ఉండే జీవి. కె.సి. కాలువ కింద వరి వేసే కర్నూలు, కడప రైతులకు ఇది కొత్తేమీ కాదు. ఉల్లికోడు పురుగు చేరిన పిలక ఉల్లికాడలా గొట్టమైపోవడం వారు ఎరిగినదే.

పరిశీలనకు చిగుళ్లు వేసే కాలాన్నే ఎంచుకోవాలి. పురుగు లేత భాగంలో గుడ్డు పెట్టినప్పుడో, పిల్లపురుగు తినడం మొదలుపెట్టినప్పుడో వెలువడే స్రావాల ప్రభావంతో చుట్టుపక్కల కణాలు అదుపు తప్పి విభజన చెంది, ఉబ్బి, పురుగు చుట్టూ గదిగా మూసుకుంటాయి. ఆ గది లోపలి పొరలోని పోషకాలే పురుగుకు ఆహారం. ముదిరిన ఆకులో కణాల పెరుగుదల ఆగిపోతుంది గనుక, అక్కడ సాధారణంగా కొత్త బుడిపె పుట్టదు.

ఆకును తిప్పి అడుగుభాగం చూడండి. కానుగ బుడిపెకు అక్కడ సన్నని ద్వారం ఉంటుంది. కొత్త బ్లేడుతో నిలువుగా చీల్చి, 20 రెట్లు పెంచి చూపే భూతద్దం కింద ఓపికగా చూస్తే, సుమారు 0.2 మి.మీ. పొడవున్న పాలిపోయిన జీవులు కదలుతుంటాయి. వీటికి నాలుగే కాళ్లు. నిజానికి ఇవి కీటకాలు కావు, మొక్కల మీద బతికే నల్లి (మైట్) జాతివి; మంచాల్లో ఉండే నల్లి వేరు. మామిడి ఆకు మీది గుండ్రని బుడిపె అలా కాదు. అది పూర్తిగా మూసుకుని ఉంటుంది, కోస్తే చిన్న ఈగ పిల్లపురుగు బయటపడుతుంది. గోధుమరంగుకు మారి పైన రంధ్రం పడి ఉంటే ఈగ ఎప్పుడో వెళ్లిపోయిందని అర్థం. అటువంటివి కోసి ప్రయోజనం లేదు.

పెద్ద పురుగును చూడాలనుకుంటే, రంధ్రం పడని ముదురు బుడిపెలున్న రెమ్మను గాజు సీసాలో ఉంచి, పలుచని గుడ్డ కట్టి, నీడలో పెట్టి రోజూ గమనించాలి. అయితే సీసాలోకి వచ్చిన ప్రతి పురుగునూ బుడిపె కట్టించినదిగా భావించరాదు. లోపలి పిల్లపురుగును తిని పెరిగే పరాన్నజీవి కందిరీగలు కూడా అక్కడి నుంచే వెలువడతాయి. జామాయిల్ రెమ్మలు తెచ్చినప్పుడు ఈ తికమక మరీ ఎక్కువ, ఎందుకంటే అక్కడ ఆకు ఈనె మీద, తొడిమ మీద బుడిపెలు పుట్టించేదీ కందిరీగే. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఆ కీటకానికి 2004లో లెప్టోసైబ్ ఇన్వేసా అని శాస్త్రీయ నామం పెట్టారు.

బుడిపె మూసుకున్నాక పైన చల్లిన మందు లోపలి పురుగును చేరడం కష్టం. పెరిగిన కానుగ చెట్టును అలాగే వదిలేయవచ్చు. నర్సరీలోని జామాయిల్ మొక్కల్లో మాత్రం రంధ్రాలు పడకముందే బుడిపెలున్న రెమ్మలను తుంచి కాల్చివేయాలి.