రాజశాసనాల తేదీలు చదవడం – 4వ పాఠం: త్సిషీ ఎక్కిన మెట్లు

మూడో పాఠం అభ్యాసంలో, చైనా రాణి త్సిషీ అంతఃపురంలో ప్రవేశించిన ‘షియెన్‌ఫెంగ్ రెండో ఏడు’ను క్రీస్తు శకంలోకి మార్చమంటే చాలామంది 1851గా రాశారు. కూడిక సరిగానే చేశారు కానీ, షియెన్‌ఫెంగ్ చక్రవర్తి సింహాసనమెక్కిన 1850నే ఒకటో ఏడుగా ఎత్తుకున్నారు. చైనాను ఏలిన చింగ్ వంశంలో ఏళ్లను చక్రవర్తి శకం పేరుతో లెక్కిస్తారు; పాత చక్రవర్తి శకం ఆ ఏడాది ముగిసేదాకా నడుస్తుంది. కొత్త శకం మరుసటి సంవత్సరాదినాడే మొదలవుతుంది. నేను పట్టికల జోలికి పోకుండా, క్రీస్తు శకం రావడానికి ఒక్కో శకపు ఏటికి కలపవలసిన అంకెను కంఠస్థం చేసుకుంటాను: షియెన్‌ఫెంగ్‌కు 1850, దాని తర్వాతి తుంగ్‌జీకి 1861, ఆ తర్వాతి గ్వాంగ్‌షూకు 1874. కాబట్టి సరైన జవాబు 1850 + 2, అంటే 1852.

ఇప్పుడు త్సిషీ ఒక్కో మెట్టుగా ఎక్కిన అంతఃపుర హోదాలు చూడండి. షియెన్‌ఫెంగ్ రెండో ఏట గ్వెయ్‌రెన్, నాలుగో ఏట పిన్, కొడుకు పుట్టిన ఆరో ఏట ఫెయ్, ఏడో ఏట గ్వెయ్‌ఫెయ్. పదకొండో ఏట, అంటే 1861 ఆగస్టులో, భర్త చనిపోగా ఐదేళ్ల వారసుడి పేరిట ఎనిమిదిమంది పెద్దలు పాలన చేపట్టారు. అయితే శాసనం మొదట పట్టపురాణి ముద్ర, చివర బాలుడి ముద్ర పడాలి. బాలుడి ముద్ర తల్లి త్సిషీ చేతిలో ఉంది. నవంబరులో ఇద్దరు రాణులూ, చనిపోయిన చక్రవర్తి తమ్ముడైన రాజకుమారుడు గుంగ్ కలిసి ఆ పెద్దలను పడగొట్టారు. వారు నిర్ణయించిన ‘చీషియాంగ్’ శకనామం మొదలవకుండానే రద్దయి, బాలుడి శకానికి ‘తుంగ్‌జీ’ అన్న పేరు వచ్చింది.

నన్ను బాగా చికాకుపెట్టే పొరపాటు పన్నెండో నెలది. ఆ బాలుడు, అంటే తుంగ్‌జీ చక్రవర్తి, మరణించింది తన శకం పదమూడో ఏడు, పన్నెండో నెల, ఐదో రోజు. కొందరు కూడి 1874 డిసెంబరు 5 అంటారు. అది చాంద్రమాన మాసం. ఉగాదితో మొదలైన మన ఏడులో పుష్యమాసం నడుస్తుండగా ఇంగ్లీషు సంవత్సరం మారిపోయినట్టే అక్కడా మారుతుంది. అసలు తేదీ 1875 జనవరి 12. దీన్ని డిసెంబరుకు జరిపితే, 1873లో కొడుక్కి అధికారం అప్పగించిన త్సిషీ వారసుణ్ణి ఎంచడానికి నెలకు పైగా తటపటాయించినట్టు కనిపిస్తుంది. నిజానికి ఆ రాత్రికి రాత్రే ఆమె తన చెల్లెలి కొడుకు, మూడేళ్ల జైథ్యెన్‌ను ఎంపిక చేసింది. అతని శకమైన గ్వాంగ్‌షూ ఒకటో ఏడు 1875 ఫిబ్రవరి 6న మొదలైంది.

అభ్యాసం: త్సిషీ మేనకోడలు లుంగ్‌యూ రాణి వెలువరించిన సింహాసన త్యాగ శాసనం తేదీ, గ్వాంగ్‌షూ తర్వాత వచ్చిన షువాన్‌తుంగ్ శకం మూడో ఏడు, పన్నెండో నెల, ఇరవై అయిదో రోజు. త్సిషీ మరణించిన గ్వాంగ్‌షూ 34వ ఏడు నుంచి మొదలుపెట్టి, షువాన్‌తుంగ్‌కు కలపవలసిన అంకెను మీరే రాబట్టి, క్రీస్తు శకంలో సంవత్సరం, నెల చెప్పండి.