బ్యాచ్ ఫైళ్ల పాఠాలు – 6: ముందు పేరును భద్రపరచండి

విండోస్‌కు ఇచ్చే ఆదేశాలను వరుసగా రాసి ఉంచే ఫైలే బ్యాచ్ ఫైలు. ఈ వారం ఫోల్డర్ల లోపలి ఫోల్డర్లను చుట్టి రావడం నేర్పాలనుకున్నాను. దాన్ని వాయిదా వేస్తున్నాను. అయిదో పాఠం చేసినవారిలో చాలామందికి ఫైళ్ల పేర్లు సగమే వచ్చాయి. ‘పొందూరు ఖద్దరు.జేపీజీ’ రావలసిన చోట ‘పొందూరు’ ఒక్కటే వచ్చింది. దీన్ని సరిచేయకుండా ముందుకు వెళ్లడం నాకు ఇష్టం లేదు.

ఆదేశాలను పలికే తీరులో తెలుగులో రాస్తున్నాను. మీరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. గుర్తులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

సగం పేరుకు కారణం చిన్నదే. జాబితాను ఒక్కో వరుసగా చదివే ఫర్ /ఎఫ్ ఆదేశం, వరుసలో ఖాళీ కనబడగానే అక్కడ తుంచి, మొదటి ముక్కే చేతికిస్తుంది. తుంచవద్దని మనమే చెప్పాలి:

ఫర్ /ఎఫ్ "ఇఓఎల్=: డెలిమ్స్=" %%ఎఫ్ ఇన్ ('డిర్ /బి /ఎ-డి') డూ (

డిర్ ఫోల్డర్‌లోని ఫైళ్ల పేర్లను ఇస్తుంది. డెలిమ్స్ అంటే తుంచే గుర్తులు; డెలిమ్స్= తరువాత ఏమీ రాయకపోతే ఎక్కడా తుంచదు. సెమికోలన్‌తో మొదలయ్యే పేర్లను ఫర్ /ఎఫ్ మామూలుగా వదిలేస్తుంది. విండోస్ ఫైలు పేరులో కోలన్ రాదు కనుక, వదిలేయాల్సిన వరుసల మొదటి గుర్తును చెప్పే ఇఓఎల్‌కు దాన్ని ఇచ్చాను. తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా మారితే ఫైలు మొదట్లో సిహెచ్‌సిపి 65001 (తెరను యూనికోడ్ అక్షరాలకు మార్చే ఆదేశం) పెట్టండి. తెర మీద డబ్బాలు కనబడితే అది ఫాంటు లోపం, పేరుకు ఏమీ కాలేదు.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించే విషయానికి వస్తాను. విజయనగరం గంటస్తంభం దగ్గర ఫోటో స్టూడియో నడిపే ఒక విద్యార్థి పక్కన మొన్న కూర్చున్నాను. సిరిమానోత్సవం ఫోటోలకు వరుస సంఖ్యలు వేస్తున్నాడు. ‘రండి! చూడండి!.జేపీజీ’ దగ్గర ఫైలు లేదని తెర చెబుతోంది. ఫైలు కళ్లెదుటే ఉంది. అతని మొదటి వరుస చూశాను: సెట్‌లోకల్ ఎనేబుల్‌డిలేయ్‌డ్‌ఎక్స్‌పాన్షన్. ఇది ఆలస్య విస్తరణను మొదలుపెడుతుంది: ! గుర్తుల మధ్య చరరాశి (విలువను దాచుకునే పేరు) కనబడితే, వరుస నడిచేటప్పుడు దాని స్థానంలో విలువను పెడుతుంది. ఎవరో పెట్టారని అందరూ ఆ వరుసను నెత్తిన పెట్టుకుంటున్నారు. దయచేసి మానండి.

జరిగేది ఇది. ముందు %%ఎఫ్ స్థానంలో పేరు వచ్చి పడుతుంది. ఆ తరువాత ఆలస్య విస్తరణ ఆ వరుసనంతా వెతికి, రెండు ! గుర్తుల మధ్య ఉన్నదాన్ని చరరాశి పేరనుకుంటుంది. ‘ చూడండి’ అనే చరరాశి లేదు కనుక ఆ ముక్క మాయమై ‘రండి.జేపీజీ’ మిగులుతుంది. ఒక్కటే ! ఉంటే, ఆ గుర్తు మాత్రమే పోతుంది: ‘అరసవల్లి!.జేపీజీ’ కాస్తా ‘అరసవల్లి.జేపీజీ’ అవుతుంది. వరుసలో ! ఉంటే ^ గుర్తుకూ ఇదే గతి. అయితే !పేరు! అని పిలిచినప్పుడు వచ్చిన విలువను మళ్లీ వెతకదు. కాబట్టి పేరును చరరాశిలో వేసేటప్పుడు విస్తరణ ఆగి ఉండాలి, వాడేటప్పుడు నడవాలి. పైన డూ తరువాత ఇలా రాయండి (రెన్ పేరు మారుస్తుంది; ముందు ఎకో ఉంటే మార్చకుండా ఆ ఆదేశాన్ని చూపిస్తుంది, అంతే):

సెట్ "పేరు=%%ఎఫ్"
సెట్ /ఎ లెక్క+=1
సెట్‌లోకల్ ఎనేబుల్‌డిలేయ్‌డ్‌ఎక్స్‌పాన్షన్
ఎకో రెన్ "!పేరు!" "!లెక్క!_!పేరు!"
ఎండ్‌లోకల్
)

ఫైలు మొదట్లో సెట్‌లోకల్ డిసేబుల్‌డిలేయ్‌డ్‌ఎక్స్‌పాన్షన్, దాని కింద సెట్ లెక్క=0 ఉండాలి. లెక్క పెంచడాన్ని సెట్‌లోకల్ కిందికి జరపకండి. సెట్‌లోకల్ తరువాత చేసిన మార్పులను ఎండ్‌లోకల్ రద్దు చేస్తుంది కనుక, పాత సంఖ్యే తిరిగి వచ్చి ప్రతి ఫైలుకూ 1 పడుతుంది. ఎండ్‌లోకల్ మరిచిపోతే ఇంకో తంటా: సెట్‌లోకల్ ఒకదాని లోపల ఒకటిగా 32 వరకే తెరుచుకుంటుంది, ఆపైన పని ఆగిపోతుంది. పది ఫోటోలతో చూసి బాగుందనుకున్నవారు పండగ ఫోటోలు వందల్లో పెట్టినప్పుడు ఇక్కడే ఆగుతారు.

సెట్‌లో ఉటంకింపు గుర్తు పేరుకు ముందే మొదలుపెట్టడం నా అలవాటు. అలా లేకుండా ‘సిరిమాను & తొలేళ్ళు’ను నేరుగా రాస్తే & తరువాతి ముక్కను కొత్త ఆదేశమనుకొని నడపబోతుంది. ఆలస్య విస్తరణకు బదులు కొందరు వాడే కాల్ ఆదేశం నాకు నచ్చదు, % గుర్తులను రెండోసారి విప్పుతుంది.

అభ్యాసం: ఖాళీ ఫోల్డర్‌లో ఈ పేర్లతో ఆరు ఫైళ్లు చేయండి: పొందూరు ఖద్దరు, సిరిమాను & తొలేళ్ళు, రండి! చూడండి!, 100% నూలు, బొబ్బిలి^వీణ, ;శ్రీకూర్మం. బ్యాచ్ ఫైలును వేరే చోట ఉంచి, ఈ ఫోల్డర్‌లోకి వచ్చి నడపండి. ఫలితాన్ని ఫోల్డర్ బయటి ఫైలులోకి మళ్లించండి, లేకపోతే ఆ ఫైలు కూడా జాబితాలోకి వస్తుంది. ఆరు వరుసలూ గుర్తులతో సహా సరిపోయాకే రెన్ ముందున్న ఎకో తీయండి.