సెక్షన్ ఇంటికెళ్లినప్పుడు: యూనివర్సిటీ సిబ్బంది ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో హెచ్‌ఓడీలు (విభాగాధిపతులు), సూపరింటెండెంట్లు చేయాల్సినవి

మే ఎండలకో, వరదలకో సిబ్బందిని ఇంటి నుంచి పనిచేయమనగానే యూనివర్సిటీలో ముందు పుట్టేది ఒక సర్క్యులర్: సాయంత్రం 5 గంటలకు ఒత్తిడి నివారణపై వెబినార్, హాజరు తప్పనిసరి. పొద్దుటి నుంచి స్క్రీన్ చూసి కళ్లు మండుతున్నవాళ్లకు ఇంకో గంట స్క్రీన్. నిజానికి వాళ్లను నలిపేసేవి చిన్న విషయాలే. ఎప్పుడు ఎవరు ఫోన్ చేస్తారో తెలియదు. పోర్టల్ ఓటీపీ ఎవరి ఫోన్‌కో వెళ్తుంది. కరెంటు పోతుంది, కుర్చీ సరిపోదు, ఇంట్లోవాళ్లు "ఇంట్లోనే ఉన్నావుగా" అంటారు. వీటిలో ముప్పాతిక వంతు సెక్షన్ సూపరింటెండెంటో, హెచ్‌ఓడీనో సరిచేయగలిగినవే. పైనుంచి శాంక్షన్ వచ్చేదాకా ఆగక్కర్లేదు.

ఆర్డరు దగ్గరే మొదలుపెట్టండి

సాధారణంగా ఆర్డరులో ఉండే వాక్యం ఇది: "సిబ్బంది ఇంటి నుంచి విధులు నిర్వర్తిస్తూ ఫోన్‌లో అందుబాటులో ఉండవలెను." ఏ వేళల్లో అన్నది రాయకపోతే అది 24 గంటలూ అవుతుంది. రాత్రి పదింటికి వచ్చిన కాల్ ఎత్తనివాళ్లు మర్నాడు సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. కాబట్టి వేళలు అంకెల్లో రాయండి. వేసవిలో మధ్యాహ్నం వదిలేసి 8 నుంచి 11.30, మళ్లీ 4 నుంచి 6.30 పెట్టుకుంటే చాలామందికి కుదురుతుంది. మామూలు రోజుల్లో 10.30 నుంచి 1, 2.30 నుంచి 5. ఈ వేళలు దాటాక కాల్ చేయాల్సిన అత్యవసరాలు ఏమిటో కూడా రెండు ముక్కల్లో రాసేయండి: కోర్టు కేసు, మర్నాటి పరీక్ష, ప్రభుత్వం నుంచి వచ్చిన అదే రోజు గడువు. న్యాక్ (విద్యాసంస్థలకు గ్రేడు ఇచ్చే సంస్థ) అడిగే డేటా, ఐష్ (ఉన్నత విద్య సర్వే) అప్‌లోడ్ ఆ జాబితాలోకి రావు. వాటి గడువు నెలల ముందే తెలుస్తుంది.

హాజరుకు గంటకోసారి లైవ్ లొకేషన్ పంపమనడం, సెల్ఫీలు అడగడం వద్దు. పని జరిగిందో లేదో సెల్ఫీలో కనిపించదు, మనిషికి మాత్రం చిరాకు మిగులుతుంది. ఉదయం ఒక లైను (ఈ రోజు చేసేవి), సాయంత్రం మూడు లైన్లు (అయినవి, ఆగినవి, ఎందుకు ఆగాయి) మెసేజ్ చాలు. మూడో లైనే అసలైనది. వారం రోజుల మూడో లైన్లు పక్కపక్కన పెట్టి చూస్తే మీ సెక్షన్‌లో పని ఎక్కడ ఇరుక్కుంటోందో తెలిసిపోతుంది.

ఆర్డరులో తరచూ మర్చిపోయేది కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సిబ్బందిని, గెస్ట్ ఫ్యాకల్టీని. ఇంటి నుంచి పనిచేసిన రోజులు డ్యూటీ కిందే లెక్క అని, ఆన్‌లైన్‌లో తీసుకున్న పీరియడ్లకు కూడా రెమ్యూనరేషన్ వర్తిస్తుందని స్పష్టంగా రాయించండి. రాయకపోతే నెలాఖరున హాజరు పట్టిక పంపేటప్పుడు ఆ గడులు ఖాళీగా పోతాయి, జీతం కోత పడుతుంది. అద్దె, ఈఎంఐ కట్టాల్సినవాడికి అంతకు మించిన మానసిక ఒత్తిడి ఇంకేదీ ఉండదు. అటెండర్లు, ల్యాబ్ సహాయకులు, డ్రైవర్లు, శానిటేషన్ సిబ్బంది సంగతి వేరు. వాళ్ల పని ఇంటికి రాదు. వాళ్లకు వంతులవారీ డ్యూటీయా, ప్రత్యేక సెలవా అన్నది మొదటి రోజే తేల్చండి, గాల్లో ఉంచకండి.

ఇల్లే లేనప్పుడు ఇంటి నుంచి పని ఏమిటి

2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు పొంగి సింగ్ నగర్, పరిసర కాలనీలు మునిగినప్పుడు నీళ్లు చాలా రోజులు తియ్యలేదు. అలాంటి చోట ఉన్న ఉద్యోగికి "వర్క్ ఫ్రమ్ హోమ్" అనే మాటే అర్థం లేనిది. కరెంటు లేదు, ఫోన్‌లో చార్జింగ్ లేదు, సామాను డాబా మీద ఉంది. వాళ్లను ఆ ఆర్డరు నుంచి తప్పించి సెలవులో పెట్టండి. వాళ్ల పేరు మీదున్న ఫైళ్లు వేరే ఇద్దరికి పంచండి, పంచినట్టు వాళ్లకు మెసేజ్ పెట్టండి. ఒక్కసారి ఫోన్ చేసినప్పుడు అడగాల్సినవి నాలుగే: ఎక్కడున్నారు, తాగునీళ్లు ఉన్నాయా, ఇంట్లో రోజూ మందులు వాడేవాళ్లు ఎవరైనా ఉన్నారా, ఇంకెవరికి ఫోన్ చేసి చెప్పాలి. పని మాట ఆ కాల్‌లో ఎత్తొద్దు.

ఏది ఇంటికి వెళ్లాలి, ఏది వెళ్లకూడదు

ప్రశ్నపత్రాలు, జవాబుపత్రాల కట్టలు, సర్వీస్ రిజిస్టర్లు ఇంటికి పంపకండి. భద్రత సంగతి అలా ఉంచండి, వాటిని ఇంట్లో పెట్టుకున్న మనిషికి నిద్ర పట్టదు. చిన్నపిల్లలున్న రెండు గదుల పోర్షన్‌లో జవాబుపత్రాల కట్ట ఎక్కడ దాస్తారు? ఎగ్జామ్ సెక్షన్‌లో ఆ పనికి ఇద్దరిద్దరు చొప్పున క్యాంపస్‌కు రావడమే మంచిది. ఉత్తర ప్రత్యుత్తరాలు, నోట్ ఫైళ్ల డ్రాఫ్టులు, సిలబస్, టైంటేబుల్ లాంటివి ఇంటికి పంపొచ్చు.

ఈ-ఆఫీస్‌లో, అంటే ఆన్‌లైన్ ఫైళ్ల వ్యవస్థలో, ఫైలు కదలాలంటే లాగిన్, డిజిటల్ సంతకం డాంగిల్ (కంప్యూటరుకు గుచ్చే చిన్న పరికరం) కావాలి. డాంగిల్, పిన్ కింది ఉద్యోగికిచ్చి "నువ్వే కొట్టెయ్" అనే అలవాటు కొన్ని చోట్ల ఉంది. ఆ సంతకంతో పోయిన ఫైలుకు రేపు ఎవరు జవాబుదారీ అన్న భయం ఆ గుమాస్తా మీద పడుతుంది. ఎవరి డాంగిల్ వాళ్ల దగ్గరే ఉండాలి.

ఓటీపీ గొడవ ఇంతకంటే పెద్దది. చాలా పోర్టళ్లలో రిజిస్టరైన నంబరు ఏ అధికారిదో, కొన్నిసార్లు రిటైరైనాయనదో ఉంటుంది. ఆఫీసులో ఉంటే పక్క గదిలోకి వెళ్లి అడిగేవాళ్లు. ఇప్పుడు డేటా ఎంట్రీ ఆపరేటరు ఫోన్ చేస్తే ఎత్తరు, ఎత్తేలోగా ఓటీపీ గడువు తీరిపోతుంది, మళ్లీ మొదలు. వరసగా తప్పితే ఖాతా కూడా లాక్ కావచ్చు. దీనికి రెండు పనులు చేయండి. సెక్షన్ పేరు మీద ఒక సిమ్ తీసుకుని పోర్టళ్లన్నిటిలో నంబరు మార్పించండి. అది జరిగేదాకా ఓటీపీ వేళలు కట్టండి: 11 నుంచి 11.30, 4.30 నుంచి 5. ఆ అరగంట అధికారి ఫోన్ చేతిలో పెట్టుకుని కూర్చోవాలి.

వాట్సాప్ గ్రూపు

గ్రూప్ సెట్టింగ్స్‌లో మెసేజ్ పంపే అవకాశం అడ్మిన్లకే ఉండేలా మార్చే వీలుంది. సాయంత్రం వేళ ముగియగానే అలా మార్చి ఉదయం తెరవండి. మీకు రాత్రి ఏదైనా గుర్తొస్తే నోట్స్‌లో రాసుకోండి, లేదా మీకు మీరే మెసేజ్ పెట్టుకోండి. "రేపు చూడండి" అని రాసి రాత్రి పంపినా, అవతలివాళ్లు ఆ రాత్రే చూస్తారు. తప్పు ఎవరిదైనా సరే గ్రూపులో ఎత్తిచూపకండి. ముప్పై మంది ముందు పడ్డ మాట ఇంట్లో భోజనాల దగ్గరికి కూడా వెంట వెళ్తుంది.

మహిళా ఉద్యోగుల విషయం ఇక్కడే చెప్పాలి. 2013 నాటి పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధక చట్టం ఇంటిని కూడా పని ప్రదేశంగానే లెక్కిస్తుంది. పని లేని వేళ వీడియో కాల్స్, డీపీ మీద, బట్టల మీద వ్యాఖ్యలు దాని పరిధిలోకి రావచ్చు. ఈ ఫిర్యాదులు తీసుకునే అంతర్గత కమిటీ ఈమెయిల్ చిరునామా ఆర్డరు అడుగునే అచ్చు వేయండి. ఫిర్యాదుకు మామూలు గడువు 3 నెలలని కూడా రాయండి.

కరెంటు, నెట్, ఎండ

ఇంట్లో ఇన్వర్టర్ ఉందా అని అడిగితే అందరూ ఉందనే అంటారు. ఎంతసేపు ఆగుతుందన్నది లెక్క. 150 ఏహెచ్, 12 వోల్టుల బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్-అవర్లు. నష్టాలు పోను, పూర్తిగా దించెయ్యకుండా వాడుకునేది 1100 అనుకోండి. సీలింగ్ ఫ్యాను 75 వాట్లు, ల్యాప్‌టాప్ 60, రౌటరు 10, ట్యూబ్‌లైటు 20 కలిపి 165. అంటే ఆరున్నర గంటలు. నాలుగేళ్ల బ్యాటరీ అయితే అందులో సగం. హాల్లో ఇంకో ఫ్యానూ టీవీ నడిస్తే ఇంకా తక్కువ. రెండు మూడు నెలలకోసారి బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ మట్టం చూడటం మర్చిపోతే కొత్త బ్యాటరీ కూడా త్వరగా పాతదైపోతుంది.

ఇన్వర్టర్ లేనివాళ్లకు రౌటరు కోసం చిన్న యూపీఎస్ దొరుకుతుంది. కొనేముందు అడాప్టరు మీద 9 వోల్టులా 12 వోల్టులా అని చదవాలి, తేడా వస్తే రౌటరు కాలిపోవచ్చు. ఫైబర్ కనెక్షన్‌లో గోడకు విడిగా ఇంకో పెట్టె, అదే ఓఎన్‌యూ, ఉంటే దానికీ బ్యాకప్ కావాలి. రౌటరు లైట్లు వెలుగుతున్నా నెట్ రావట్లేదంటే చాలాసార్లు కారణం ఇదే. వీధిలో కేబుల్ ఆపరేటరు పరికరానికే కరెంటు లేకపోతే ఇంట్లో ఏం పెట్టినా లాభం లేదు, మొబైల్ హాట్‌స్పాట్ ఒక్కటే దారి. గంటసేపు గ్రూప్ వీడియో మీటింగ్ దాదాపు 1 జీబీ తాగేస్తుంది. రోజుకు 1.5 జీబీ ప్లాన్‌లో ఉన్నవాళ్లకు ఒక పెద్ద మీటింగుతో ఆ రోజు డేటా సరి. అందుకే మీటింగులు 30 నిమిషాలకు మించొద్దు, వీడియో ఆపుకునే స్వేచ్ఛ అందరికీ ఉండాలి. వీడియో ఆపిన మనిషిని "ఉన్నారా మేడమ్?" అని పదేపదే పిలవకండి. ఆవిడ వెనక మంచం, మంచం మీద జ్వరంతో ఉన్న అత్తగారు ఉండొచ్చు.

సరఫరా నిలిపివేత ప్రకటనలు దినపత్రికల జిల్లా పేజీల్లో వస్తుంటాయి. ఎవరో ఒకరు పొద్దున్నే చూసి గ్రూపులో పెడితే, ఆ ఏరియావాళ్ల మీటింగు వేళ మార్చొచ్చు. చెప్పకుండా పోయిన కరెంటుకు 1912.

బెజవాడ ఎండ గురించి కొత్తగా చెప్పేదేముంది? పై అంతస్తు స్లాబ్ సాయంత్రం చీకటి పడ్డాక కూడా వేడి కక్కుతూనే ఉంటుంది. ఎవరి ఇల్లు పై అంతస్తో, రేకుల షెడ్డో అడిగి తెలుసుకోండి. అలాంటివాళ్లకు కోరుకుంటే క్యాంపస్‌లో ఏసీ ఉన్న ల్యాబ్ ఒకటి తెరిచిపెట్టండి. ఇంటి నుంచి పని హక్కుగా ఇచ్చారు కదా అని ఇంట్లో ఉడికిపోవాలని లేదు. పరుపు మీద ల్యాప్‌టాప్ పెట్టి పనిచేస్తే గాలి పోయే రంధ్రాలు మూసుకుపోయి అది వేడెక్కి నెమ్మదిస్తుంది. కింద పీటో, స్టీలు పళ్లెమో పెట్టాలి.

కుర్చీ

డైనింగ్ టేబుల్ ఎత్తు దాదాపు 75 సెంటీమీటర్లు, కుర్చీ 45. తినడానికి అది బాగానే ఉంటుంది. టైప్ చేస్తే భుజాలు పైకి లేచి వారంలోపే మెడ పట్టేస్తుంది. కుర్చీలో దిండో, మడత పెట్టిన దుప్పటో వేసి మోచేతులు టేబుల్ ఎత్తుకు వచ్చేలా చేసుకోవాలి. కాళ్లు నేలకు అందకపోతే కింద పీట వేసుకోవాలి. ల్యాప్‌టాప్ కింద 12 నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తున పుస్తకాలు పెట్టి, స్క్రీన్ పై అంచు కళ్ల ఎత్తుకు తెచ్చి, విడిగా కీబోర్డు, మౌస్ వాడాలి. ఇవి డిపార్ట్‌మెంటులో ఖాళీగా పడున్న డెస్క్‌టాప్‌ల నుంచి తీసి ఇవ్వొచ్చు. కుర్చీలు కూడా అంతే. స్టాక్ రిజిస్టరులో పేరు, తేదీ రాసి గేట్ పాస్ ఇస్తే చాలు. ప్రతి 20 నిమిషాలకు 20 సెకన్లు కిటికీలోంచి దూరంగా చూడటం కళ్లకు మంచిది.

వారానికొక ఫోన్ కాల్

క్యాంపస్‌కు వచ్చే రోజుల్లో ఎవరి కష్టమేమిటో యూనివర్సిటీ బస్సులోనే తెలిసిపోయేది. విజయవాడ నుంచి నంబూరు క్యాంపస్ చేరేలోపు పిల్లల పరీక్షల నుంచి పెద్దాళ్ల ఆపరేషన్ల దాకా అన్నీ మాట్లాడుకునేవాళ్లు. ఆ బస్సు ఆగిపోయినప్పుడు దాని బదులు వారానికి ఒక్కొక్కరికి 10 నిమిషాల కాల్ పెట్టుకోండి. ముందే వేళ చెప్పి చేయండి, వీడియో వద్దు. "ఎలా ఉన్నారు?" అంటే "బాగానే ఉన్నానండీ" అనే వస్తుంది. ప్రశ్న సూటిగా ఉండాలి. ఇలా:

"అమ్మా, ఈ వారం ఏ పనికి ఎక్కువసేపు పట్టింది?"
"స్కాలర్‌షిప్ లిస్టు సార్. పొద్దున పిల్లాడి క్లాసుకి ఫోను కావాలి, అందుకని రాత్రే కూర్చుంటున్నా."
"ఎన్నింటిదాకా?"
"ఒంటిగంటవుతోంది సార్."
"సరే. ఆ లిస్టు బుధవారం దాకా వద్దు. ఆఫీసులో పాత ట్యాబ్ ఉంది, రేపు అటెండరు తెచ్చిస్తాడు. పిల్లాడికది ఇవ్వండి."

సమస్య ఉందని ఒప్పించడం కాదు, కాల్ అయ్యేలోపు ఒక్కటైనా తగ్గించడం లక్ష్యం. "మా ఇంట్లో కూడా అంతేనమ్మా" అని మీ కథ మొదలెట్టారో, అవతల నోరు మూసుకుపోతుంది. ప్రసూతి సెలవు నుంచి వచ్చినవాళ్లకు, పని స్వభావం అనుమతిస్తే, పరస్పర అంగీకారంతో ఇంటి నుంచి పనిచేసే వీలును 2017లో సవరించిన చట్టమే కల్పించింది. అది మీరే గుర్తుచేయండి, వాళ్లు అడగడానికి మొహమాటపడతారు.

తేడా కనిపిస్తే

ఎప్పుడూ తప్పు పోని మనిషి నోట్ ఫైల్లో వరుస తప్పులు చేయడం, జవాబులన్నీ అర్ధరాత్రి దాటాకే రావడం, ప్రతి కాల్‌కీ "నెట్ బాలేదు" అనడం, చిన్న మాటకే ఏడుపు రావడం. వీటిలో రెండు మూడు రెండు వారాలపాటు సాగితే ఆగి మాట్లాడండి. "మీ పనిలో లోపం గురించి కాదండీ, మీ గురించి ఫోన్ చేశా" అని మొదలుపెట్టండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ నంబరు 14416 చెప్పండి. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. నేరుగా డాక్టరును చూడాలంటే గుంటూరు, విజయవాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. ప్రాణం తీసుకోవాలన్న మాట వస్తే కాల్ కట్ చేయకండి. ఇంకో ఫోన్ నుంచి ఇంట్లోవాళ్లకు చెప్పి ఎవరైనా పక్కన ఉండేలా చూడండి, 108కి చేయండి.

సెలవు చీటీలో కారణం "అనారోగ్యం" అంటే చాలు, వివరం అడగొద్దు. ఆ ఉద్యోగి పని ఇంకొకరికి ఇచ్చేటప్పుడు కూడా "ఆయనకు బాలేదు" అంతవరకే చెప్పండి. ఆయన తిరిగొచ్చిన రోజున టేబుల్ మీద పెండింగ్ ఫైళ్ల దొంతర ఉండకూడదు. మొదటి వారం రోజుకు మూడు ఫైళ్లు చాలు. మిగతావి అప్పటిదాకా చూసినవాళ్ల దగ్గరే ఉంచండి.