బైక్ జీపీఎస్ మొరాయిస్తోందా? తప్పు వైరుదా, మౌంటుదా, యూనిట్‌దా తేల్చుకోండి

కొత్త జీపీఎస్ యూనిట్ కోసం వెతికేవాళ్ల దగ్గర చాలావరకు ఒకటి ముందే ఉంటుంది. పాత యూనిట్టో, హ్యాండిల్‌కు బిగించిన ఫోనో. అది ఎప్పుడు, ఎలా మొరాయిస్తోందో జాగ్రత్తగా గమనిస్తే ఏం కొనాలో తెలుస్తుంది. ఒక్కోసారి అసలు కొనక్కర్లేదని కూడా తెలుస్తుంది. కారులో హాయిగా పనిచేసిన వస్తువు బైక్ మీద తిప్పలు పెడుతోందంటే ముందు అనుమానించాల్సింది కరెంటును, బిగింపును. ఆ రెండూ సరిచేయకుండా ఎంత ఖరీదైన యూనిట్ తెచ్చి పెట్టినా అదే గొడవ మళ్లీ మొదలవుతుంది. అందుకే వైరింగుతో తీరేవి ముందు, యూనిట్ మారిస్తే తప్ప తీరనివి తర్వాత చెబుతున్నాం.

సెల్ఫ్ కొట్టగానే రీస్టార్ట్ అవుతోంది

నిండుగా ఛార్జ్ అయిన 12 వోల్టుల బ్యాటరీ ఇంజన్ ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. స్టార్టర్ మోటర్ తిరిగే ఆ ఒకటి రెండు సెకన్లలో అది 10 వోల్టుల దాకా పడిపోవచ్చు, బ్యాటరీ పాతదైతే ఇంకా కిందికి. ఆ కాసేపు యూనిట్ తన సొంత బ్యాటరీ మీద నిలబడాలి. నిలబడట్లేదంటే లోపలి బ్యాటరీ అరిగిపోయి ఉండొచ్చు.

ఇంట్లో పూర్తిగా ఛార్జ్ చేసి, వైరు తీసేసి, స్క్రీన్ వెలిగించి ఉంచండి. పది నిమిషాల్లోపే ఆరిపోతే లోపలి బ్యాటరీ మార్చుకుంటే చాలు, యూనిట్ మార్చక్కర్లేదు. గంటో రెండు గంటలో నడిచిందంటే యూనిట్ బాగానే ఉంది. అప్పుడు బండి బ్యాటరీ టెర్మినళ్లు వదులుగా ఉన్నాయేమో, యూనిట్ ఎర్త్ వైరు పెయింట్ మీద బిగించారేమో చూడండి. ఎర్త్‌ను ఫ్రేమ్ బోల్టుకు ఇస్తే అక్కడి పెయింట్ గీకి లోహం కనబడేలా చేయాలి. నేరుగా బ్యాటరీ నెగటివ్‌కు ఇవ్వడం అన్నిటికన్నా మేలు.

గుంతలో పడ్డప్పుడల్లా ఛార్జింగ్ పోయి వస్తోంది

ఇంజన్ ఆపి, తాళం మాత్రం ఆన్ చేయండి. స్క్రీన్ మీద ఛార్జింగ్ గుర్తును చూస్తూ యూనిట్‌ను క్రేడిల్‌లోనే (యూనిట్ కూర్చునే గూటిలోనే) కుడికీ ఎడమకీ కొద్దిగా కదపండి. గుర్తు ఆరి వెలిగితే తప్పు పిన్నుల దగ్గరుంది. తర్వాత యూనిట్ ముట్టుకోకుండా హ్యాండిల్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు పూర్తిగా తిప్పండి. ఇప్పుడు ఆరి వెలిగితే స్టీరింగ్ మెడ దగ్గర వైరు లాగుతోంది. అక్కడ నాలుగు వేళ్లంత వదులు ఉంచి, మళ్లీ కట్టుకోవాలి.

పిన్నుల సంగతి కాస్త దగ్గరగా చూడాలి. క్రేడిల్‌లో కనిపించే చిన్న చిన్న బుడిపెల్లో ఒక్కోదాని కింద ఒక్కో స్ప్రింగు ఉంటుంది. అగ్గిపుల్ల వెనక కొసతో ఒక్కొక్కటీ నొక్కి వదలండి. అన్నీ ఒకే చురుకుతో పైకి రావాలి. ఒకటి బద్ధకంగా లేస్తే లోపల దుమ్మో తుప్పో చేరింది. తలలు నల్లబడి ఉంటే అది ఇంజన్ వణుకు వల్ల రెండు లోహాలూ సన్నగా రాసుకుని ఏర్పడిన పొర. దూదిపుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, పిన్నుల తలలూ యూనిట్ వెనకున్న రేకులూ తుడవండి. గరుకు కాగితంతో మాత్రం రుద్దకండి. పైన ఉన్న పల్చటి బంగారు పూత పోయిందంటే నల్లబడటం మరింత త్వరగా మొదలవుతుంది. శుభ్రం చేసినా ఒక పిన్ను లేవకపోతే క్రేడిల్ ఒక్కటే మార్చండి. కొత్త యూనిట్ ఎంచుకునేటప్పుడు కూడా క్రేడిల్ విడిగా దొరుకుతుందా అని ముందే చూసుకోవాలి, అన్నిటికన్నా ముందు అరిగేది అదే.

ఛార్జ్ అవుతున్నట్టు చూపిస్తూనే శాతం తగ్గిపోతోంది

ఫోన్ వాడేవాళ్లకు ఇది బాగా తెలిసిన బాధ. 5 వోల్టులు, 1 ఆంపియర్ ఇచ్చే సాకెట్ అంటే 5 వాట్లు. స్క్రీన్ పూర్తి వెలుగులో, మ్యాపు, డేటా, బ్లూటూత్ అన్నీ నడుస్తుంటే ఫోన్‌కు అది చాలకపోవచ్చు. బండి 12 వోల్టులను 5 వోల్టులుగా మార్చి, కనీసం 2 ఆంపియర్లు ఇచ్చే కన్వర్టర్ కావాలి.

2 ఆంపియర్లది పెట్టినా తగ్గుతోందంటే కేబుల్‌ను చూడండి. దాని తొడుగు మీద చిన్న అక్షరాలతో 28 ఏడబ్ల్యూజీ, 24 ఏడబ్ల్యూజీ అని తీగ మందం కొలత ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ తీగ సన్నం. 28 నంబరు తీగ మీటరుకు సుమారు 0.21 ఓమ్‌లు. మీటరు పొడవు కేబుల్‌లో కరెంటు పోయి రావాలి కాబట్టి 0.42 ఓమ్‌లు. 2 ఆంపియర్లు పారితే దారిలోనే 0.8 వోల్టులకు పైగా పోతుంది, ఫోన్ దగ్గరికి వచ్చేది 4.2 వోల్టులే. అదే 24 నంబరు తీగైతే పోయేది 0.35 వోల్టుల లోపే. అందుకే కన్వర్టర్‌ను సీటు కింద పెట్టి పొడవాటి యూఎస్‌బీ కేబుల్ లాగడం తప్పు పద్ధతి. 12 వోల్టుల వైరును హ్యాండిల్ దాకా తెచ్చి, కన్వర్టర్ అక్కడ పెట్టి, అక్కడి నుంచి 30 సెంటీమీటర్ల కేబుల్ వాడండి.

మినీ యూఎస్‌బీ ఉన్న కొన్ని పాత యూనిట్లకు మామూలు కేబుల్ తగిలిస్తే మ్యాపు మాయమై కంప్యూటర్ బొమ్మ వస్తుంది. అది పాడైనట్టు కాదు. ఆ యూనిట్‌తో వచ్చిన పవర్ కేబుల్ కనెక్టర్ లోపల తేడా ఉంటుంది, ఆ కేబులే వాడాలి.

వారం నిలిపితే బండి స్టార్ట్ అవట్లేదు

యూనిట్ వైరును నేరుగా బ్యాటరీకి ఇచ్చారన్నమాట. యూనిట్ తీసేసినా కన్వర్టర్ కొంత కరెంటు తాగుతూనే ఉంటుంది. అది 20 మిల్లీ ఆంపియర్లు అనుకుంటే రోజుకు 0.48 ఆంపియర్ అవర్లు. 8 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఎనిమిది తొమ్మిది రోజుల్లో సగం ఖాళీ.

కొలిచి చూడాలంటే తాళం ఆఫ్ చేసి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, ఆ వైరుకూ టెర్మినల్‌కూ మధ్య మల్టీమీటర్‌ను ఆంపియర్ల సెట్టింగులో పెట్టండి. మీటరు మధ్యలో ఉండగా తాళం ఆన్ చేశారో, మీటరు ఫ్యూజు కాలిపోవచ్చు. యూనిట్ ఫ్యూజు పీకగానే అంకె పడిపోతే దొంగ దొరికినట్టే.

శాశ్వత పరిష్కారం నాలుగు పిన్నుల రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్చు. కింద చెప్పిన అంకెలు దాని పిన్నుల నంబర్లు:

1. బ్యాటరీ పాజిటివ్ నుంచి ఫ్యూజు మీదుగా రిలే 30కి. ఫ్యూజు బ్యాటరీకి 15 సెంటీమీటర్ల లోపు ఉండాలి. దాని అవతల వైరు ఎక్కడ ఒరుసుకుపోయినా మంట లేవకుండా కాపాడేది అదే. యూనిట్ కంపెనీ చెప్పిన విలువే వాడండి, ఎక్కువది వేయకండి.
2. రిలే 87 నుంచి యూనిట్ పాజిటివ్‌కు.
3. తాళం ఆన్ చేస్తేనే కరెంటు వచ్చే వైరు నుంచి రిలే 86కి. వెనక పార్కింగ్ లైటు వైరు దీనికి అనువైనది.
4. రిలే 85ను ఎర్త్‌కు.

ఇలా చేస్తే పార్కింగ్ లైటు వైరు మీద రిలే కాయిల్ బరువు మాత్రమే పడుతుంది, యూనిట్ బరువు పడదు.

శాటిలైట్లు దొరకడానికి చాలాసేపు పడుతోంది

ఎక్కడున్నామో ఎత్తుతో సహా తేల్చడానికి కనీసం 4 శాటిలైట్లు కావాలి. ఒక్కో జీపీఎస్ శాటిలైట్ తన కక్ష్య వివరాలను 30 సెకన్లకోసారి పంపుతుంది. ఆ 30 సెకన్లలో మధ్యలో సిగ్నల్ తెగితే మళ్లీ మొదటికొస్తుంది. యూనిట్ ఆన్ చేసిన వెంటనే మేడల మధ్య నుంచి బయల్దేరితే జరిగేది ఇదే. నెలల తరబడి పక్కన పెట్టినా, చాలా దూరం తీసుకెళ్లి ఆన్ చేసినా, పైన ఆకాశం కనబడే చోట కదలకుండా ఉంచండి. మొత్తం శాటిలైట్ల పట్టిక పూర్తిగా రావడానికి 12.5 నిమిషాలు పడుతుంది కాబట్టి మరీ పాత యూనిట్లకు పావుగంట ఇవ్వాలి.

రోజూ వాడుతున్నా ఇదే పరిస్థితైతే ఛార్జర్‌ను అనుమానించండి. నాసిరకం కన్వర్టర్లు, కొన్ని ఎల్ఈడీ లైట్లు, డ్యాష్ కెమెరాలు రేడియో రొద పుట్టిస్తాయి. జీపీఎస్ సిగ్నల్ భూమిని చేరేసరికే అతి బలహీనంగా ఉంటుంది, ఆ రొదలో మునిగిపోతుంది. శాటిలైట్ పేజీ తెరిచి, సిగ్నల్ గీతలు చూస్తూ ఛార్జర్ పీకండి. గీతలు ఒక్కసారిగా పెరిగితే ఛార్జర్ మార్చండి, యూనిట్ నిర్దోషి.

మేడల మధ్య పక్క రోడ్డు మీద ఉన్నట్టు చూపిస్తుంటే అది గోడలకు తగిలి తిరిగొచ్చిన సిగ్నల్ పని. దీన్ని వైరింగుతో సరిచేయలేం. గ్లోనాస్, గెలీలియో లాంటి వేరే శాటిలైట్ వ్యవస్థలను కూడా పట్టే యూనిట్ మెరుగు. మామూలు ఎల్1 ఫ్రీక్వెన్సీతో పాటు ఎల్5 అనే రెండో ఫ్రీక్వెన్సీ కూడా అందుకునేది ఇంకా మెరుగు.

తేదీ ఇరవై ఏళ్ల వెనక్కి పోయి, చేరే సమయం అడ్డదిడ్డంగా వస్తోందంటే కారణం వేరు. జీపీఎస్ వారాలను 1024 వరకే లెక్కపెట్టి సున్నాకు వస్తుంది. 2019 ఏప్రిల్‌లో అలా జరిగింది, తర్వాతిది 2038 నవంబర్‌లో. ఫర్మ్‌వేర్ (యూనిట్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉంటే చేయండి. కంపెనీ అప్‌డేట్లు ఆపేసి ఉంటే ఆ యూనిట్ మీద ఇక డబ్బు పెట్టొద్దు, సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు కూడా ముందు తేదీ చూడండి.

ఆగినప్పుడు బాణం గుర్తు గిర్రున తిరగడం లోపం కాదు. కదిలితేనే చాలా యూనిట్లకు దిక్కు తెలుస్తుంది. బండి మీటరు కన్నా జీపీఎస్ వేగం కొంచెం తక్కువ చూపించడం కూడా మామూలే, మీటర్లను అసలు వేగం కన్నా కాస్త ఎక్కువ చూపేలా చేస్తారు.

ఎండలో స్క్రీన్ కనిపించట్లేదు

ముందు కళ్లజోడు తీసి చూడండి. పోలరైజ్డ్ అద్దాలు పెట్టుకుంటే కొన్ని స్క్రీన్లు అడ్డంగా ఉన్నప్పుడు పూర్తిగా నల్లబడతాయి, నిలువుగా తిప్పితే కనిపిస్తాయి. అలాగైతే మౌంటును నిలువుకు తిప్పుకోవచ్చు, లేదా కళ్లజోడు మార్చుకోవచ్చు.

కళ్లజోడు లేకపోయినా కనిపించకపోతే వెలుగు చాలట్లేదు. దీనికి చిట్కా లేదు, యూనిట్ మార్చాల్సిందే. కారు కోసం చేసినవి పైకప్పు నీడను నమ్ముకుని చేసినవి. బైక్‌కైతే వెలుగు 1000 నిట్స్ (స్క్రీన్ వెలుగు కొలత) దరిదాపుల్లో ఉన్నది చూడండి. ఫోన్ పెట్టె మీద అంతకన్నా పెద్ద అంకె ఉండొచ్చు, కానీ వేడెక్కగానే ఫోన్ తనంతట తానే వెలుగు తగ్గించుకుంటుంది. సైజు విషయానికొస్తే టామ్‌టామ్ రైడర్ 550 స్క్రీన్ 4.3 అంగుళాలు, గార్మిన్ జూమో ఎక్స్‌టీది 5.5 అంగుళాలు. చిన్న హ్యాండిల్ మీద పెద్ద స్క్రీన్ మీటరును కప్పేస్తుంది, అట్టముక్క అదే సైజుకు కత్తిరించి పెట్టి చూస్తే కొనకముందే తెలిసిపోతుంది.

ఫోన్ వేడెక్కి ఆగిపోతోంది, కెమెరా మసకబారింది

ఐఫోన్లను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని ఆపిల్ చెబుతుంది. ఎండలో, గాలాడని వాటర్‌ప్రూఫ్ సంచిలో, ఛార్జ్ అవుతున్న ఫోన్ ఆ హద్దు ఎప్పుడో దాటేస్తుంది. సంచి తీసేసి వెనకవైపు గాలి తగిలే మౌంటు పెట్టండి, వేడెక్కినప్పుడు ఛార్జింగ్ పీకండి. కెమెరా సంగతి మాత్రం అంత తేలిక కాదు. బలమైన మోటర్‌సైకిల్ ఇంజన్ల వణుకు ఫోన్ కెమెరాలోని కదలిక సరిచేసే భాగాన్నీ, ఫోకస్ భాగాన్నీ దెబ్బతీయవచ్చని ఆపిల్ 2021లోనే హెచ్చరించింది. వణుకు తగ్గించే రబ్బరు డ్యాంపర్ ఉన్న మౌంటు తప్పనిసరి. సింగిల్ సిలిండర్ బండి మీద రోజూ గంటల తరబడి తిరిగేవాళ్లు ఫోన్ జేబులో ఉంచి విడి యూనిట్ కొనుక్కోవడమే మంచిది.

మౌంటు కొనేముందు హ్యాండిల్ మందం కొలవండి: బిగించే చోట చాలా బండ్లకు 22 లేదా 28 మిల్లీమీటర్లు ఉంటుంది. యూనిట్ వెనక 30, 38 మిల్లీమీటర్ల దూరంలో నాలుగు రంధ్రాలుంటే అది ఆంప్స్ పద్ధతి, ఆ పద్ధతి మౌంటు ఏ కంపెనీదైనా సరిపోతుంది. స్క్రూలు వదులవకుండా పట్టే నీలం రంగు థ్రెడ్ లాకర్ ఒక చుక్క చాలు.

వానలో తనంతట తానే నొక్కుకుంటోంది, గ్లోవ్స్‌తో పనిచేయట్లేదు

ఫోన్ల స్క్రీన్ వేలు తగిలినప్పుడు తన విద్యుత్ క్షేత్రంలో వచ్చే మార్పును గుర్తిస్తుంది, నీటి చుక్కను కూడా వేలే అనుకుంటుంది. వాన మొదలవగానే స్క్రీన్ లాక్ చేసి, మాటలు వింటూ నడపడం తప్ప దారి లేదు. బైక్ యూనిట్లు గ్లోవ్స్‌తో పనిచేసేలా చేసినవి. కొనేముందు మీ సొంత గ్లోవ్స్ తొడుక్కునే నొక్కి చూడండి. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా పాడవదని. ప్రెషర్ వాషర్ ధారకు తట్టుకుంటుందని మాత్రం కాదు, వాటర్ వాష్‌కు ముందు యూనిట్ తీసేయండి.

గీసిన దారి వదిలేసి తనకు నచ్చిన దారిలో తీసుకెళ్తోంది

గీసుకున్న దారిని యూనిట్‌లోకి ఎక్కించే జీపీఎక్స్ ఫైల్‌లో రూట్, ట్రాక్ అని రెండు రకాలు. ట్రాక్ అంటే గీసిన గీత, మారదు. రూట్ అంటే కొన్ని బిందువులే. వాటి మధ్య దారిని యూనిట్ తన మ్యాపుతో, తన సెట్టింగులతో కొత్తగా లెక్కేసుకుంటుంది. కంప్యూటర్‌లో ఒక మ్యాపు, యూనిట్‌లో ఇంకోటి ఉంటే దారి మారిపోవడం ఖాయం.

రెండుచోట్లా ఒకే ఏడాది మ్యాపు, ఒకే రకం సెట్టింగులు పెట్టండి. బిందువులు పెట్టేటప్పుడు బాగా జూమ్ చేసి, కూడలి మీద కాకుండా రోడ్డు మధ్యలో, మీరు వెళ్లే వైపే పెట్టండి. ఎదురు వైపు పడితే యూ టర్న్ తీసుకోమంటుంది. తప్పకుండా ఆగాల్సిన చోట్లకు మాత్రమే వయా పాయింట్ పెట్టి, మిగతావి దారిని మలచడానికి మాత్రమే పనికొచ్చే షేపింగ్ పాయింట్లుగా ఉంచండి. వయా పాయింట్ దాటిపోతే యూనిట్ వెనక్కి రమ్మంటూనే ఉంటుంది, అప్పుడు ఆ పాయింట్‌ను స్కిప్ చేయాలి. దారిని తనంతట తానే మళ్లీ లెక్కేసే ఆటోమేటిక్ రీకాలిక్యులేషన్‌ను ఆఫ్ చేయడమో, ముందు అడిగేలా పెట్టడమో చేస్తే తెలియకుండా దారి మారదు.

కొత్త యూనిట్ ఎంచుకుంటుంటే మీ సొంత ఫైల్ ఒకటి దాంట్లో ఎక్కించి, రూట్‌గా, ట్రాక్‌గా రెండు రకాలా తెరిచి చూడండి. దేన్నైనా ఎక్కించబోతే కంప్యూటర్ యూనిట్‌ను గుర్తించకపోతే కంగారు పడకండి. చేతిలో ఉన్నది ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్ అయ్యుంటుంది, డేటా తీగలున్న కేబుల్ పెట్టి చూడండి.